ప్రీఅప్‌డేట్ ఒక్కోసారి ఎందుకు నడవదు? పోస్ట్‌పర్సిస్ట్‌లో ఎస్సెమ్మెస్ పంపొచ్చా?

మీరడిగిన ఈ రెండూ జావాలో డేటాబేస్‌కు డేటా పోయేటప్పుడు వాటంతటవే నడిచే మెథడ్లు, అంటే కాల్‌బ్యాక్‌లు: ప్రీఅప్‌డేట్ ఉన్న రో మారే ముందు, పోస్ట్‌పర్సిస్ట్ కొత్త రో వేశాక. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే దానివల్ల నేను మాట పడ్డాను. పంపొద్దు.

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కమీషన్ వ్యాపారం చేసే ఒకాయనకు జావాతో, హైబర్నేట్ (జావా ఆబ్జెక్టులను డేటాబేస్‌లో దాచే లైబ్రరీ) వాడి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. బిల్లు సేవ్ కాగానే "ఇన్ని క్వింటాళ్లు, చేతికి ఇంత" అని రైతు ఫోనుకు మెసేజ్ పోవాలి. బిల్లు ఎంటిటీలోనే (బిల్లు టేబుల్‌కు జతగా ఉండే జావా క్లాసు) పోస్ట్‌పర్సిస్ట్ మెథడ్ పెట్టి అక్కడి నుంచే పంపించాను. నాలుగు లైన్లలో పనైపోయిందని మురిసిపోయాను కూడా. మంచి సీజన్లో ఒకరోజు ఒక పెద్దాయన వచ్చి గుమాస్తాకు ఫోను చూపించి, "మెసేజ్ వచ్చింది కదప్పా, దుడ్లియ్యి" అన్నాడు. కంప్యూటర్లో చూస్తే ఆ బిల్లే లేదు.

పోస్ట్‌పర్సిస్ట్ నడిచేది ఇన్సర్ట్ (రో వేయడం) అయ్యాక, కమిట్ (మార్పులు ఖాయం కావడం) అయ్యాక కాదు. ఆ బిల్లు ఇన్సర్ట్ అయింది, మెసేజ్ పోయింది. తర్వాత అదే ట్రాన్సాక్షన్లో (అన్నీ కలిసి ఖాయమయ్యే లేదా అన్నీ రద్దయ్యే పనుల కట్ట) రైతు అడ్వాన్సు మినహాయించే చోట ఎర్రర్ వచ్చి మొత్తం రోల్‌బ్యాక్ అయింది, అంటే రద్దయింది. పోయిన మెసేజ్ వెనక్కి రాదు కదా! పైగా మెసేజ్ పంపే గేట్‌వే నెమ్మదిస్తే అంతసేపూ ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది. కాల్‌బ్యాక్ నుంచి రన్‌టైమ్ ఎక్సెప్షన్ బయటికొస్తే మంచి బిల్లు కూడా పోతుంది.

ఇప్పుడు సర్వీస్ క్లాసులో బిల్లుతో పాటే "పంపాల్సిన మెసేజీలు" అనే టేబుల్లో ఒక రో వేస్తున్నాను. వేరే జాబ్ వాటిని తీసి పంపుతుంది. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనర్ ఉంది, మామూలుగా కమిట్ తర్వాతే నడుస్తుంది. కానీ కమిట్‌కూ మెసేజ్‌కూ మధ్య సందులో సర్వర్ ఆగిపోతే మెసేజ్ గల్లంతే. యార్డులో కరెంటు సంగతి తెలిసినవాణ్ణి, టేబులే నమ్ముకున్నా. ఆ రోను కాల్‌బ్యాక్ లోపల ఎంటిటీ మేనేజర్‌తో (ఎంటిటీలను సేవ్ చేసేది) వేయకండి. అక్కడ ఎంటిటీ మేనేజర్‌ను పిలవడం, వేరే ఎంటిటీలను ముట్టుకోవడం జేపీఏ (హైబర్నేట్ పాటించే జావా ప్రమాణం) స్పెసిఫికేషన్ వద్దన్న పనులు. తన సొంత ఫీల్డులు సర్దుకోవడానికే కాల్‌బ్యాక్. నా కోడ్‌లో ఇప్పుడు మిగిలింది ప్రీపర్సిస్ట్‌లో (కొత్త రో వేసే ముందు నడిచేది) తేదీ పెట్టడం, మొబైల్ నంబర్లో ఖాళీలు తీసేయడం, అంతే.

ఇక ప్రీఅప్‌డేట్. హైబర్నేట్‌లో అది ఫ్లష్ సమయంలో (మార్పులను డేటాబేస్‌కు పంపేటప్పుడు), ఆ ఎంటిటీ నిజంగా మారి ఉంటేనే నడుస్తుంది. ఉన్న విలువనే మళ్లీ సెట్ చేస్తే నడవదు. బిల్లులో ఒక ఐటమ్ బరువు మార్చారనుకోండి, మారింది ఐటమ్ రో. దాని ప్రీఅప్‌డేట్ నడుస్తుంది, బిల్లుది నడవదు. మీ సమస్య మాత్రం బల్క్ అప్‌డేట్ (ఒకే క్వెరీతో చాలా రోలు మార్చడం) అని నా అనుమానం. జేపీక్యూఎల్ (జేపీఏ క్వెరీ భాష) అప్‌డేట్ గానీ నేటివ్ క్వెరీ (మామూలు ఎస్‌క్యూఎల్) గానీ నేరుగా డేటాబేస్‌కు పోతాయి, ఏ కాల్‌బ్యాక్ నడవదు. హమాలీ రేటు ఒకేసారి మార్చినప్పుడు నాకూ పాత తేదీలే మిగిలాయి. అలాంటి చోట "మార్చిన సమయం" కాలమ్‌ను ఆ క్వెరీలోనే సెట్ చేయండి.