మీ ఉప్పెన బకెట్ నీళ్ళలా ఎందుకు కనిపిస్తోంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు వరద, భూకంపం, తుఫాను సీన్ల గ్రాఫిక్స్ గురించే. నాలుగింటికి జవాబిస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు పోయింది, ఎందుకంటే అందులో ఉన్న తప్పే మిగతా చాలా ఉత్తరాల్లోనూ ఏదో ఒక రూపంలో కనిపించింది.

ప్రశ్న: సునామీ మీద షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాను. బ్లెండర్ అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో వంద అడుగుల అల చేసి నాలుగు రాత్రులు రెండర్ (కంప్యూటర్ ఒక్కో ఫ్రేమ్ బొమ్మ తయారు చేయడం) పెట్టాను. చూసినవాళ్ళంతా "బకెట్లో నీళ్ళు కుదిపినట్టుంది" అంటున్నారు. నా సిస్టమ్‌లో 16 జీబీ ర్యామే ఉంది, అందుకేనా? – ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ర్యామ్ వల్ల కాదు తమ్ముడూ. నువ్వు పంపిన క్లిప్‌లో అల కొన మీద నుంచి తుంపర కిందికి రావడానికి ఒక్క సెకను కూడా పట్టలేదు. ముప్పై మీటర్ల ఎత్తు నుంచి ఏది పడినా, గాలి అడ్డు లేదనుకున్నా సరే, నేల తాకడానికి దాదాపు రెండున్నర సెకన్లు పడుతుంది. చిన్నప్పటి నుంచి మామిడికాయలు రాలడం, బిందె నీళ్ళు ఒలకడం చూసి చూసి మన కన్నుకి ఈ లెక్క వచ్చేసింది. సెకనులోపే పడిందంటే ఐదు మీటర్లకి మించి ఎత్తు లేదని మెదడు తేల్చేస్తుంది, నువ్వు అలని ఎంత పెద్దగా చేసినా నమ్మదు.

మోడల్స్ కట్టి తీసే రోజుల నుంచీ దీనికి ఒక సూత్రం ఉంది. మోడల్ అసలు సైజులో ఎన్నో వంతో చూసి, ఆ సంఖ్య వర్గమూలం ఎంతో అన్ని రెట్లు కెమెరా వేగం పెంచుతారు. పదహారో వంతు మోడల్ అయితే నాలుగు రెట్లు, అంటే సెకనుకి 24 ఫ్రేములకి బదులు 96 తీసి మామూలు వేగంతో చూపిస్తారు. కంప్యూటర్‌లోనూ ఇదే వర్తిస్తుంది. ముందు నీ సీన్లో అల పక్కన మనిషి బొమ్మ ఒకటి నిలబెట్టి, కొబ్బరిచెట్టు, ఇల్లు, పడవ మీటర్లలో సరైన కొలతలకి ఉన్నాయో లేదో చూసుకో. చిన్న సైజులోనే సిమ్యులేషన్ (నీళ్ళ కదలికని కంప్యూటర్ చేత లెక్కగట్టించడం) చేయక తప్పదంటే టైమ్ స్కేల్ తగ్గించు, అంటే కదలికని నెమ్మది చెయ్యి.

ఇక అల ఆకారం. సర్ఫింగ్ వీడియోల్లోలా చుట్ట తిరిగి ముందుకి విరిగే అలని చేశావు. 2004 డిసెంబర్ 26న జనం తీసిన వీడియోలు ఓపిగ్గా చూడు, చాలాచోట్ల నీళ్ళు గోడలా లేచి రాలేదు, సముద్ర మట్టమే పెరిగిపోతూ ఊళ్ళోకి నడిచొచ్చినట్టు వచ్చాయి. మామూలు అల వచ్చి వెనక్కి పోతుంది, ఇది నిమిషాల తరబడి వస్తూనే ఉంటుంది, నాకు భయం వేసేది దాని ఎత్తు చూసి కాదు, అది ఆగకపోవడం చూసి. నీకు వంద అడుగులు అక్కర్లేదు, పది అడుగుల నీళ్ళు ఆగకుండా వస్తే చాలు. రంగు కూడా మార్చు. ఊరు దాటొచ్చిన నీళ్ళు నీలంగా ఉండవు. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరిని చూసే ఉంటావు, చిక్కటి టీ రంగు. దాని మీద దుంగలు, గుర్రపుడెక్క, చెప్పులు, గ్యాస్ సిలిండర్లు తేలుతూ పోవాలి. నీళ్ళు ఎంత వేగంగా పోతున్నాయో చూసేవాడికి తెలిసేది వాటివల్లే.

ర్యామ్ విషయానికొస్తే, సముద్రం మొత్తాన్నీ సిమ్యులేట్ చేయకు. దూరంగా ఉన్నదానికి సముద్రం పైభాగాన్ని మాత్రమే చేసిపెట్టే ఓషన్ మాడిఫైయర్ సరిపోతుంది. నీళ్ళు గోడకి, ఆటోకి తగిలే ఆ పది మీటర్ల చోటే ఫ్లూయిడ్ డొమైన్ (నీళ్ళని నిజంగా లెక్కగట్టే పెట్టె) పెట్టి, నురుగు, తుంపర పార్టికల్స్ విడిగా చేసుకో. తడి సంగతి మర్చిపోవద్దు. నీళ్ళు ఎంతవరకు తాకాయో అంతవరకు గోడ రంగు ముదరాలి, నీళ్ళు దిగాక కూడా అలాగే ఉండాలి. పెద్ద సినిమాల్లో కూడా నేను మొదట చూసేది ఇదే.

ప్రశ్న: భూకంపం సీన్‌కి కెమెరా ఊపితే సరిపోదా? – వెబ్ సిరీస్ ఎడిటర్, హైదరాబాద్

జవాబు: సరిపోదండీ. ఫ్రేమ్‌లో అన్నీ ఒకేలా ఊగితే గతుకుల రోడ్డు మీద జీపులో కూర్చుని తీసినట్టు ఉంటుంది. ఫ్యాన్ నెమ్మదిగా ఊగాలి, బీరువా తలుపు టకటకా కొట్టుకోవాలి, అంతా ఆగాక కూడా బిందెలో నీళ్ళు తొణుకుతూ ఉండాలి. పైగా భూకంపంలో మొదట ఒక చిన్న కుదుపు వస్తుంది, పెద్ద ఊపు దాని వెనక వస్తుంది. కేంద్రం 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఈ రెంటికీ మధ్య ఇంచుమించు ఐదు సెకన్లు ఉంటాయి. ఇంట్లోవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఆ ఐదు సెకన్లని మాత్రం ఎడిటింగ్‌లో కత్తిరించకండి. భవనం కూలేటప్పుడు పెంకులా ముక్కలు చెక్కలు చేయకండి, కాంక్రీటు లోపలి చువ్వలని పట్టుకుని వేలాడుతుంది. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కింద పార్కింగ్ కోసం స్తంభాల మీద లేపిన అపార్ట్‌మెంట్లు చాలా పడిపోయాయి, ఆ ఫోటోలు ముందు పెట్టుకుని పని చేయండి.

ప్రశ్న: కంప్యూటర్లు లేని రోజుల్లో 'ది టెన్ కమాండ్‌మెంట్స్'లో సముద్రాన్ని ఎలా చీల్చారు? – రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: మాస్టారూ, 1956 నాటి ఆ షాట్ కోసం పెద్ద తొట్టెలోకి నీళ్ళు కుమ్మరించి తీసి, ఆ ఫిల్మ్‌ని వెనక్కి నడిపించి చూపించారు. నీళ్ళతో ఉన్న చిక్కేమిటంటే మోడల్ చిన్నదైనా నీటి బొట్టు చిన్నది కాదు, తలతన్యత (నీటి పైపొర బిగువు) దాన్ని ఆ సైజులోనే ఉంచుతుంది. అందుకే నీళ్ళు పారే మోడల్ వీలైనంత పెద్దగా కడతారు. కంప్యూటర్లు వచ్చాక కూడా, 2012లో 'ది ఇంపాసిబుల్' కోసం రిసార్టుని మూడో వంతు సైజులో కట్టి దాని మీదికి నిజం నీళ్ళే వదిలారు.

ప్రశ్న: మా నాయనమ్మ 1977 ఉప్పెన చూసిన మనిషి. సినిమాలో తుఫాను వస్తే "ఇట్టా ఉండదే" అని లేచి వెళ్ళిపోతుంది. ఆవిడ చెప్పినట్టు చూపించాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టను? – డిగ్రీ విద్యార్థిని, అవనిగడ్డ

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆగిపోయాను. ఆ నవంబర్ 19న ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. నీ సినిమా చూసేవాళ్ళలో ఆ కుటుంబాలవాళ్ళు ఉంటారు.

సినిమాల్లో వాన పైనుంచి పడుతుంది. అంతటి గాలిలో వాన అడ్డంగా కొడుతుంది, సముద్రపు తుంపర, ఇసుక, ఆకులు కలిసి నాలుగిళ్ళ అవతల ఏమీ కనపడదు. ఫ్రేమంతా బూడిదరంగు అయిపోతుంది. నీలాంటి తక్కువ బడ్జెట్‌కి ఇది మంచిదే, కనపడని దూరానికి గ్రాఫిక్స్ అక్కర్లేదు. రెండు పెద్ద ఫ్యాన్లు, ఒక నీళ్ళ ట్యాంకర్, ఎండు తాటాకులు ఉంటే దగ్గరి షాట్లు చాలావరకు ఊళ్ళోనే తీయొచ్చు. తర్వాతి రోజు అదే చోటు చూపించేటప్పుడు చెట్లకి ఆకులు ఉంచొద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వెళ్ళాక విశాఖ కొండలు ఆకు లేక ఎండిపోయిన రంగుకి వచ్చేశాయి, గాలి ఎంత బలంగా వీచిందో ఆ ఒక్క షాట్‌తో తెలిసిపోతుంది.

కంప్యూటర్ తెరిచే ముందు నాయనమ్మ దగ్గర కూర్చో. నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చాయి, వచ్చే ముందు ఏ చప్పుడు వినపడింది, ఎంతసేపు నిలిచాయి, దిగాక గోడ మీద మరక ఎంత ఎత్తున ఉంది – ఇవి అడిగి ఫోన్లో రికార్డు చేసుకో. ఆవిడ చెప్పలేక ఆగిపోయిన చోట మళ్ళీ అడగొద్దు, అక్కడ తెర మీద కూడా ఏమీ చూపించొద్దు. ఆ ఇంటి గోడ ఇంకా ఉంటే టేపు పెట్టి కొలిచి రాయి, ఏ షాట్ ఊళ్ళో తీయాలో, ఏది కంప్యూటర్‌లో చేయాలో ఆ కొలతలు చూసి చెబుతాను.