సెవిల్ దాకా వెళ్లి ఆ పంది తొడల ఊరు చూడాలా?

ప్రశ్న: మా అబ్బాయి స్పెయిన్‌లోని సెవిల్‌లో చదువుతున్నాడు. నవంబర్‌లో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. దగ్గర్లో హాబుగో అని కొండ ఊరుందట, పంది తొడల్ని ఉప్పులో పెట్టి, ఏళ్ల తరబడి ఆరబెట్టి, ఉడకబెట్టకుండానే తింటారట, చూసి తీరాలంటాడు. పచ్చి మాంసం ఎలా తింటామని నాకు టెన్షన్. మా ఆవిడ మాంసమే ముట్టదు. వెళ్లడం దండగేనా? బాగుంటే ఓ తొడ తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వెళ్లండి. కానీ తినడానికే అయితే 100 కిలోమీటర్లు పోనక్కర్లేదండీ, సెవిల్‌లో ఏ బార్‌లో అడిగినా ప్లేటు పెడతారు. హాబుగోలో చూడాల్సింది ఊరి చుట్టూ ఉన్న ఓక్ తోపులు. మీరు వెళ్లే నెలలోనే కాయలు రాలతాయి, నల్ల పందుల్ని వాటి కింద వదిలేస్తారు, అవి రోజంతా తిరుగుతూ తిని, కనీసం 60 రోజుల్లో 46 కిలోలైనా పెరిగితేనే ఆ మాంసానికి ‘బెయోతా’ పేరు దక్కుతుంది. ఎండాకాలంలో వెళ్తే ఇదేం కనపడదు.

పచ్చి మాంసమని భయం వద్దు. మన భావనపాడు, కళింగపట్నం వైపు ఉప్పు చేప ఎలా నిలవ ఉంటుందో ఇదీ అంతే, ఉప్పు మాంసంలోని నీటిని లాగేస్తుంది. కిలోకి సుమారు ఒక రోజు లెక్కన ఉప్పులో ఉంచి, కడిగి, వేలాడదీస్తారు. 7 కిలోలు దాటిన తొడకి మొత్తం కనీసం 730 రోజులు పట్టాలని రూలు, మంచివైతే మూడేళ్లు దాటి కూడా ఉంచుతారు. అక్కడి సింకో హోతాస్ అనే 1879 నాటి కంపెనీ ఈ తొడలు ఆరబెట్టే నేలమాళిగలు చూపిస్తుంది, ముందే బుక్ చేసుకోండి. బీపీ ఉంటే మాత్రం రెండు ముక్కలతో ఆపేయండి, ఉప్పు ఎక్కువ.

కొనేటప్పుడు ట్యాగు రంగు చూడండి, షాపువాడి మాటలు కాదు. నలుపంటే జాతి పంది, ఓక్ కాయలు తిన్నది. ఎరుపంటే కాయలు తిన్నదే గానీ సంకర జాతి. ఆకుపచ్చ, తెలుపు ట్యాగులవి దాణాతో పెంచినవి, వాటికి నలుపు ధర పెట్టకండి.

మీ ఆవిడ గారికి బోర్ కొట్టదు. ఆ కొండల్లో చెస్ట్‌నట్ కాయల కాలం కూడా అదే, కాల్చినవి కొనిపెట్టండి. దారిలో అరసేనా ఊర్లో 1914 నుంచి జనానికి తెరిచిన గుహలున్నాయి, బొర్రా చూశాం కదా అని వదిలేయకండి, లోపల చెరువులే ఉన్నాయి. బస్సులు తక్కువ, కారులోనే నయం.

ఇక ఇంటికి తేవడం కుదరదు. మాంసం సరుకు మన దేశంలోకి తేవాలంటే పర్మిట్ ఉండాలి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటే డబ్బూ పోతుంది. అంతగా కొనాలనిపిస్తే గాలి తీసి సీల్ చేసిన ముక్కల ప్యాకెట్లు కొని మీ అబ్బాయి ఫ్రిజ్‌లో పెట్టి రండి.