ఊరి ఆర్‌ఓ ప్లాంటు మూలపడకుండా ఉండాలంటే
సోంపేట దగ్గర మీ ఊళ్లో చందాలు వేసుకుని ఆర్‌ఓ ప్లాంటు పెడుతున్నామని, అది రెండేళ్లకే మూలపడకుండా ఏం చేయాలని అడిగారు. మాది కవిటి మండలం. మా ఊరి ప్లాంటు చూసుకునే కమిటీలో నేనూ ఉన్నాను.

ప్లాంటు పెట్టడానికి డబ్బు దొరుకుతుంది తమ్ముడూ. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో మంచినీళ్ల కోసం అంటే కాదనేవాళ్లు లేరు. వలసపోయిన మా కుర్రాళ్లు అడక్కముందే పంపారు. కానీ నీళ్లని వడకట్టే పొర, అదే మెంబ్రేన్, పోయినప్పుడు మళ్లీ చందా అంటే ఎవరూ పలకరు. అందుకే క్యానుకి తీసుకునే డబ్బులో కొంత మొదటి రోజు నుంచే వేరే ఖాతాలో వేయండి. అందరికీ ఫ్రీగా ఇద్దామని పెద్దలు అంటారు, ఒప్పుకోకండి. కట్టలేని ఇళ్లకి, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లున్న ఇళ్లకి ఊరికే ఇవ్వండి, మిగతావాళ్లు కట్టాలి.

ఆపరేటర్‌కి జీతం ఇచ్చి తీరాలి. సేవ అని నడిపిస్తే జీడిపిక్కల పనులు మొదలవగానే గదికి తాళం పడుతుంది, నీళ్లు ఎక్కువ కావాల్సిన ఎండాకాలం కూడా అదే. మా దగ్గర తాళం తీసే ఆమె ముందు గ్లాసుడు నీళ్లు పట్టి, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరు ముంచి, ఆ అంకె గోడమీది పలకపై సుద్దతో రాస్తుంది. వారం వారం అది పెరుగుతోందంటే మెంబ్రేన్ పని అయిపోతోందన్నమాట. ప్లాంటు బిగించిన కంపెనీ వాళ్లు వారంటీ అయ్యాక మా ఫోన్ ఎత్తలేదు. కాబట్టి దగ్గర్లో ఒక మెకానిక్‌ని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

మీటరు ఫ్లోరైడ్‌నీ, క్రిములనీ చూపదు. బోరు నీళ్లు, ప్లాంటు నీళ్లు రెండూ గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటకూడదు.

అన్నిటికన్నా ముందు ఇది చూసుకోండి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు ఉద్దానానికి తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. ఆ కుళాయి మీ ఊళ్లో సరిగ్గా వస్తుంటే ప్లాంటు మాట పక్కనపెట్టి, ట్యాంకు కడిగించడం మీద, క్లోరిన్ మీద నిఘా పెట్టండి. చివరి ఇంటి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి.

ఈ నీళ్లు తాగితే కిడ్నీ జబ్బు రాదని మాత్రం బోర్డు రాయించకండి. జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఆ బోర్డు నమ్మి ఒక్కరు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష మానేసినా ఊరికి నష్టమే.