గడ్డం ఎన్ని రోజులకోసారి గీసుకుంటారో ముందు చూసుకోండి

మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ రేజర్‌తో మెడ మీద ఎర్రటి పొక్కులు వస్తున్నాయని, ఖర్చు కూడా పెరుగుతోందని, రెండంచుల బ్లేడు ఒకటే మార్చుకుంటూ వాడే సేఫ్టీ రేజర్‌కు మారాలంటే ఏది కొనాలో చెప్పమని శ్రీకాకుళం నుంచి మీరు అడిగారు. నాది విజయనగరం. పదకొండేళ్లుగా సేఫ్టీ రేజర్‌తోనే గడ్డం గీసుకుంటున్నాను. ఇది నా మూడో రేజర్. మొదటి రెండూ ఎందుకు నప్పలేదో చెబితే మీకు పనికొస్తుంది.

మొదటిది మా నాన్నగారిది. పిడి అడుగున ఉన్న మర తిప్పితే తల మీది రెండు రేకులు తలుపుల్లా విచ్చుకుంటాయి. బ్లేడు పెట్టి వెనక్కి తిప్పితే మూసుకుంటాయి. ఆయన పెరట్లో నూతి గట్టు మీద అద్దం ఆనించుకుని వారానికి రెండుసార్లు గీసుకునేవారు. నేను బడి పంతులును, రోజూ గీసుకోవాలి. వారం తిరగకుండానే మెడంతా మంట, గాట్లు. చేయి తిరగక అనుకున్నాను. ఒక ఉదయం రేజర్ తలను కంటికి సమంగా ఎత్తి కిటికీ వెలుగులో చూస్తే విషయం తెలిసింది. ఒక పక్క బ్లేడు అంచు వెంట్రుక మందాన మెరుస్తోంది, రెండో పక్క దానికి రెట్టింపు బయటికి వచ్చి ఉంది. ఏళ్ల వాడకంలో ఒక రేకు కాస్త వంగిపోయింది. గాట్లన్నీ ఆ పక్కతో గీసినప్పుడు పడినవే. ఇంట్లో పాత రేజర్ ఉంటే మీరూ ముందు ఇలా చూడండి. రెండు పక్కలా సమంగా కనిపిస్తే కొత్తది కొనే పని లేదు.

రెండోది అందరూ మెచ్చుకుంటుంటే తెప్పించుకున్నాను. బ్లేడు కింద దువ్వెన పళ్లలా ఉండే రకం. సంక్రాంతి సెలవుల్లో ఐదు రోజులు పెంచి దానితో గీస్తే చెంప అరటి ఆకులా నున్నగా వచ్చింది. పళ్ల సందుల్లోంచి నురగ, వెంట్రుకలు జారిపోతాయి కాబట్టి పెరిగిన గడ్డానికి అది చక్కటి పనిముట్టు. బడి తెరిచాక రోజూ వాడితే మూడో రోజుకే దవడ కింద చర్మం లేచింది. ఇప్పుడది మా బావమరిది దగ్గర ఉంది. ఆయన వారానికోసారి గీసుకుంటారు, దాన్ని ఎవరికీ ఇవ్వనంటారు.

తేడా అంతా బ్లేడు అంచుకు, దాని కింది కడ్డీకి మధ్య ఉన్న సందులోనూ, అంచు ఎంత బయటికి వచ్చిందన్న దానిలోనూ ఉంది. ఈ రెండూ ఎక్కువైతే రేజర్ దూకుడుగా కోస్తుంది, ముదురు గడ్డం ఒక్క గీతకే పోతుంది. తక్కువైతే నెమ్మదిగా, చర్మాన్ని కాచుకుంటూ పోతుంది. ఒకే సంస్థ రెండు రకాలూ చేస్తుంది: జర్మనీ మ్యూలే వారి ఆర్89 రేజర్ మృదువైనది, ఆర్41 దూకుడుది. అందుకే సంస్థ పేరు చూసి కొనకండి. రోజూ గీసుకునేవారికి, మెడ మీద పొక్కులు వచ్చేవారికి పళ్లు లేని, నిండు కడ్డీ ఉన్న మృదువైన రకమే సరి. నా మూడో రేజర్ అలాంటిదే. తల రెండు ముక్కలు, పిడి ఒకటి, మొత్తం మూడు ముక్కలుగా విడిపోతుంది. వంగే రేకులు లేవు, కడగడం తేలిక. మన ఉప్పు గాలికి తడి అలాగే వదిలేస్తే మరల్లో తుప్పు పడుతుంది, విప్పి ఆరబెట్టండి.

రేజర్ కన్నా ముందు బ్లేడు మార్చి చూడాలని నాకు ఆలస్యంగా తెలిసింది. 1904లో అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ పేటెంట్ పొందిన రెండంచుల పలుచటి బ్లేడు పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఏ సంస్థ బ్లేడైనా ఏ సంస్థ రేజర్‌లోనైనా కూర్చుంటుంది. కొన్ని రూపాయలతో పోయే ప్రయోగం ఇది. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్, విల్కిన్సన్ ఒక్కో పొట్లం కొని, ఒక్కోదానితో నాలుగుసార్లు గీసి చూడండి. జపాన్ ఫెదర్ బ్లేడు చాలా పదునైనది, చేయి కుదిరే వరకు దాని జోలికి వెళ్లకండి.

కార్ట్రిడ్జ్‌కు అలవాటైన చేయి నొక్కుతుంది. ఇక్కడ ఆ నొక్కుడే గాటు. బ్లేడు చెంపకు సుమారు 30 డిగ్రీల్లో ఆనేలా పిడిని పట్టి, రేజర్ బరువుతోనే జారనివ్వండి. రెండు రోజులు పెరగనిచ్చి మెడను వేళ్లతో నిమరండి. ఏ వైపు నిమిరితే గరుకు తగలదో అదే వెంట్రుకల వాలు. కొందరికి మెడ మీద అది అడ్డంగా ఉంటుంది. నాకు ఎడమ పక్క చెవి వైపుకు తిరిగి ఉంది. నేనేమో ఏళ్ల తరబడి కింద నుంచి పైకి గీసేవాణ్ణి. మొదటి నెల వాలుకే గీయండి, ఎదురు గీయకండి. మా బోరు నీటిలో సబ్బు నురగ నిలవదు, గడ్డానికి మాత్రం మంచినీళ్లు వేడి చేసుకుంటాను. రెండు మూడు నిమిషాలు నానితే వెంట్రుక మెత్తబడుతుంది. చివర తడి పటిక రుద్దితే ఎక్కడ చురుక్కుమంటే అక్కడ చేయి తప్పిందని తెలుస్తుంది.

వాడిన బ్లేడ్లు చెత్తబుట్టలో వేయకండి. ఖాళీ పౌడరు డబ్బాకు చీలిక పెట్టి అందులో వేయండి. లేదంటే చెత్త ఎత్తే అమ్మ చేతులు తెగుతాయి.

మృదువైన రకం ఒకటి, మూడు రకాల బ్లేడ్లు తీసుకుని మొదలుపెట్టండి. మూడు వారాలయ్యాక పొక్కులు ఏ పక్క మిగిలాయో ఇక్కడే రాయండి, రేజర్ మార్చాలో చేయి మార్చాలో అప్పుడు చెబుతాను. పొక్కుల్లో చీము కనిపిస్తే మాత్రం అన్నీ ఆపి చర్మ వైద్యుడికి చూపించండి.