దృశ్య చిత్రణమా? కాంతి చిత్రణమా?

సందేహం: ‘ప్రోస్టేట్ క్యాన్సర్‌ను కణజాలంలోనే నిర్ధారించే దృశ్య చిత్రణం’ అని ఒక వ్యాసంలో చదివాను. ఆప్టికల్ ఇమేజింగ్‌కు ఇది సరైన మాటేనా? కాంతి చిత్రణం అనకూడదా? అందులోనే ‘కణాల స్వయంప్రకాశం’ అని కూడా రాశారు.

సమాధానం: అనవచ్చు, అనడమే మేలు. దృశ్యం అంటే కంటికి కనబడేది. కణజాలం మీదికి వెలుగు పంపి, అది తిరిగొచ్చే తీరునుబట్టి బొమ్మ తీసే ఈ పద్ధతిలో వాడే వెలుగు అన్నిసార్లూ కంటికి కనబడదు. మామూలు వెలుగును రక్తంలోని హిమోగ్లోబిన్ చాలావరకు మింగేస్తుంది. అందుకని కాస్త లోతుకు చూడాలంటే ఎరుపు అంచు దాటి, సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉండే కిరణాలను పంపుతారు. కనబడని కిరణంతో చేసే పనికి ‘దృశ్య’ అని పేరెట్టడమేమిటి? నిఘంటువు తెరిచి, ఆప్టికల్‌కు ఎదురుగా మొదట కనిపించిన మాటను తెచ్చి అతికించడం ఈమధ్య బాగా ఎక్కువైంది.

ఇక కాంతి దగ్గర కాసేపు ఆగుదాం. సంస్కృతంలో ‘కమ్’ ధాతువుకు కోరడం అని అర్థం. కామం, కాంత, కాంతుడు అన్నీ ఆ ఇంటివే. కాంతి అంటే కోరదగినతనం, అంటే అందం. ఆలంకారికులు కావ్యానికి చెప్పిన పది గుణాల్లో కాంతి ఒకటి. అక్కడ దీపం ఊసే లేదు. ముఖకాంతి అన్నప్పుడు మనకూ ఆ అందమే మనసులో మెదులుతుంది. మన భౌతికశాస్త్ర పుస్తకాలు మాత్రం వెలుగు అనే అర్థానికే పట్టం కట్టాయి. హిందీవాళ్లు ఇదే చోట ప్రకాశం అంటారు.

అయస్కాంతం సంగతి ఇంకా తమాషా. అయస్సు అంటే ఇనుము. ఇనుముకు ప్రియమైన రాయి గనక అయస్కాంతం. అందులో ఉన్నది కాంతి కాదు, కాంతుడు! ప్రోస్టేట్‌ను చూడటానికి ఇప్పటికే చేస్తున్న ఎమ్మారై స్కాను అయస్కాంతంతో పనిచేస్తుంది, మీరడిగిన పద్ధతి కాంతితో. యంత్రాలు వేరైనా మాటలు ఒకే ధాతువు బిడ్డలు. ఈ ముచ్చట చెబితే డాక్టర్లు సంతోషిస్తారో, విసుక్కుంటారో!

మరి తెలుగు మాట ‘వెలుగు’ ఉండగా ఇదంతా ఎందుకంటారా? నాకూ అదే ఇష్టం. వెల్ల, వెండి, వెన్నెలల చుట్టం అది, తెల్లదనం నుంచి పుట్టింది. (కంచె అనే అర్థమున్న వెలుగు వేరే మాట.) కానీ ‘వెలుగు చిత్రణం’ అంటే తెలుగు మాటకు సంస్కృతం మాటను అతికించిన వైరి సమాసమని లాక్షణికులు కర్ర పట్టుకుంటారు. వాళ్లతో నాకిప్పుడు పేచీ వద్దు.

‘స్వయంప్రకాశం’ మాత్రం ఒప్పుకోను. అది సూర్యుడికి చెల్లుతుంది. కణాల్లోని ఎన్.ఎ.డి.హెచ్. అనే పదార్థం, కణాల మధ్య ఉండే కొల్లాజెన్ వాటంతటవే వెలగవు. అతినీలలోహిత కిరణం వాటి మీద పడితే, దాన్ని పీల్చుకుని మరో రంగులో తిరిగి వదులుతాయి. పాఠ్యపుస్తకాల్లో దీనికి ప్రతిదీప్తి అన్న చక్కని మాట ఉంది. రంగు ఏదీ అద్దకుండానే వస్తుంది గనక ‘సహజ ప్రతిదీప్తి’ అంటే సరిపోతుంది.

‘నిర్ధారించే’ అన్నది ఇంకా పెద్ద తొందర. క్యాన్సర్ ఉన్నచోట ఈ ప్రతిదీప్తి పాళ్లు మారతాయి. కేంద్రకాలు ఉబ్బడంతో వెలుగు చెదిరే తీరూ మారుతుంది. దాన్నిబట్టి అనుమానించాల్సిన చోటు తెలుస్తుంది, అంతవరకే. నిర్ధారణ ఇప్పటికీ పాథాలజిస్టుదే. సూదితో తీసిన సన్నటి ముక్కను పల్చటి పొరలుగా కోసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగులు అద్దుతారు. కేంద్రకాలు నీలి ఊదాగా, మిగతాదంతా గులాబీగా తేలుతుంది. అప్పుడు సూక్ష్మదర్శినిలో గ్రంథుల అమరిక ఎంత చెదిరిందో చూసి, క్యాన్సర్ తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు వేస్తారు. కాబట్టి కాంతి చేసే పనికి ‘పసిగట్టే’ అనండి. పసి అంటే వాసన. వాసన పట్టడం వేరు, తీర్పు చెప్పడం వేరు.

ప్రోస్టేట్‌ను పౌరుష గ్రంథి అనడం కూడా నాకు నచ్చదు. గ్రీకులో ఆ మాటకు ‘ముందు నిలిచేది’ అని మాత్రమే అర్థం. పౌరుషాన్ని లాక్కొచ్చి రోగికి లేనిపోని టెన్షన్ పెట్టడమెందుకు?

మొత్తానికి వ్యాసంలో కాంతి చిత్రణం అని రాయండి. ఆస్పత్రిలో ఆప్టికల్ ఇమేజింగ్ అన్నా నేను అడ్డు చెప్పను. చిత్రీకరణ అని మాత్రం అనకండి, సినిమా షూటింగనుకుంటారు.