కొండల్లో మెక్సికో మేడలు

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఫ్రాన్సులో ఎమ్మెస్ చేస్తున్నాడు. సెలవులకి ఆల్ప్స్ కొండల్లో బార్సెలొనెత్ అనే ఊరు వెళ్లి ఫొటోలు పంపాడు. చుట్టూ మంచు, ఊరి అంచున జమీందారు బంగళాల్లాంటి మేడలు. వాటిని మెక్సికో విల్లాలు అంటారట. చాలావాటికి కిటికీ తలుపులు మూసే ఉన్నాయి. మా వైపు కువైట్ డబ్బుతో కట్టి, తాళాలేసి వెళ్లిపోయిన ఇళ్లు గుర్తొచ్చాయి. ఆ కొండల్లోకి మెక్సికో ఎలా వచ్చింది?
– ఒక పాఠకురాలు, మలికిపురం

జవాబు: మీకు కువైట్ గుర్తు రావడంలోనే సగం జవాబు ఉందమ్మా.

ఆ ఊరు ఉబాయ్ నది లోయలో, 1,130 మీటర్ల ఎత్తున ఉంటుంది. జనాభా మూడు వేలు కూడా లేదు. 1231లో దక్షిణ ఫ్రాన్సులోని ప్రోవాన్స్ ప్రాంతపు ప్రభువు రైమోన్ బెరాంజే కట్టించాడు. 1388 నుంచి ఆల్ప్స్‌లోనే ఉన్న సవాయ్ ప్రాంతపు పాలకుల కింద ఉండి, 1713లో ఉట్రెక్ట్ శాంతి ఒప్పందంతో ఫ్రాన్సుకి దక్కింది. ఆ తర్వాత పదేళ్లకే ఫ్రెంచివాళ్లు మా యానాంలో దిగారు. ఆ లెక్కన ఫ్రెంచి పాలనలో వాళ్లు మాకంటే పదేళ్లు సీనియర్లు, అంతే.

చలికాలంలో అక్కడ ఆరు నెలలపాటు పొలం పని ఉండదు. గొర్రెల ఉన్ని ఉంది కాబట్టి ఇంటింటా ముతక బట్ట నేసేవారు. మంచు పడగానే మగవాళ్లు బట్టల మూట వీపున వేసుకుని కనుమలు దాటి, ఇటలీ వైపూ లియోన్ వైపూ ఊరూరా తిరిగి అమ్ముకునేవారు. ఎండాకాలానికి ఇంటికి. మూట వ్యాపారం వాళ్ల నరాల్లో ఉంది. పైగా ఆ లోయ చదువుకి పేరు. బడిపంతుళ్లను బయటి ఊళ్లకు పంపిన ప్రాంతం అది. లెక్కాపత్రం తెలిసిన మూటవాడికి దారి చూపించేవాడు ఒక్కడు చాలు కదా.

ఆ ఒక్కడు పక్క ఊరు జోజియే నుంచి వెళ్లిన జాక్ ఆర్నో. 1821లో, మెక్సికోకి స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, అన్నదమ్ములతో కలిసి మెక్సికో నగరంలో బట్టల కొట్టు పెట్టాడు. 1840ల్లో కొందరు డబ్బు మూటలతో తిరిగొచ్చేసరికి ఇక లోయలో కుర్రాళ్లు ఆగలేదు. బాబాయి పిలిస్తే అబ్బాయి, వాడు పిలిస్తే బావమరిది. వెళ్లినవాడు ముందు గుమాస్తా. కొట్లోనే తిండి, కొట్లోనే పడక. నమ్మకం కుదిరాక వాటా, ఆ తర్వాత సొంత కొట్టు. వందేళ్లలో రెండు మూడు వేల మంది అలా వెళ్లారు. మెక్సికోలో ఇవాళ్టికీ పెద్ద పేరున్న పాలాసియో దె హియెర్రో, లివర్‌పూల్ దుకాణాలు రెండూ వీళ్లు పెట్టినవే. లివర్‌పూల్ మొదలుపెట్టిన ఎబ్రార్ 1847లో పెట్టెల్లో బట్టలు పెట్టుకుని అమ్మినవాడు. సరుకు ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు నుంచి వచ్చేది, ఆ పేరే కొట్టుకి పెట్టేశారు.

తిరిగొచ్చినవాళ్లు కొద్దిమందే. వాళ్లు 1880 నుంచి 1930 వరకు కట్టుకున్నవే మీ అబ్బాయి ఫొటో తీసిన మేడలు. మార్సెయ్‌లో మా చుట్టాలింటికి వెళ్లినప్పుడు నేనూ చూసొచ్చాను. మెక్సికో పద్ధతిలో ఉంటాయనుకుంటే నిరాశపడతారు. బురుజులు, ఇనుప జాలీల బాల్కనీలు, రంగు అద్దాలు, ముందు పెద్ద తోట. అంతా యూరప్ ధనవంతుల ఫ్యాషనే. మెక్సికో నుంచి వచ్చింది డబ్బు ఒక్కటే. ఏ రెండూ ఒకేలా ఉండవు. పక్కవాడి కంటే ఒక బురుజు ఎక్కువ ఉండాలన్న పట్టుదల గోడల్లోనే కనబడుతుంది. శ్మశానంలోనూ అదే పోటీ. కొన్ని సమాధులు చిన్న గుళ్లంత ఉన్నాయి.

ఆ డబ్బంతా గుమాస్తా చెమటే అనుకోకండి. వీళ్లు కొట్లతో ఆగకుండా మెక్సికోలోని ఓరిసాబా ఊరి దగ్గర రియో బ్లాంకోలో పెద్ద నూలు మిల్లు కూడా పెట్టారు. కూలి నోట్లలో కాక, కంపెనీ కొట్లో మాత్రమే చెల్లే చీటీల్లో ఇచ్చే రోజులవి. 1907 జనవరి 7న కార్మికులు తిరగబడి ఆ కొట్టు తగలబెట్టారు. సైన్యం వచ్చి కాల్చింది. డజన్లకొద్దీ కార్మికులు చచ్చిపోయారు. బార్సెలొనెత్ మేడల అందం గురించి రాసేవాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు, నాకది నచ్చదు.

1940లో హిట్లర్ సేనలు ఫ్రాన్సులోకి చొరబడినప్పుడు ప్రధానిగా ఉన్న పాల్ రెనో పుట్టింది ఈ ఊళ్లోనే, 1878లో. వాళ్ల నాన్న కూడా మెక్సికోలో బట్టల మీద సంపాదించినవాడే. ఆ కుటుంబం కట్టుకున్న లా సాపినియేర్ అనే విల్లాలోనే ఇప్పుడు లోయ మ్యూజియం ఉంది. మీ అబ్బాయికి చెప్పండి, మిగతావి బయటి నుంచి చూసినా ఇది మాత్రం లోపలికి వెళ్లి చూడమని.

ప్రశ్న: కొండ లోయ అంటే నీళ్లకి కొదవుండదు. మాకు వరదొస్తే కనీసం లంకకి ఒండ్రు మిగులుతుంది. వాళ్లకి?
– ఒక రైతు, ఆత్రేయపురం

జవాబు: వాళ్లకి రాళ్లు మిగులుతాయి. ఊరికి దగ్గర్లో రియూ బూర్దూ అని ఒక వాగు ఉంది. చూడ్డానికి పిల్లకాలువ. గాలివాన పడితే నల్లటి బురద, బండరాళ్లు కలిసి కిందికి దూకుతాయి. పొలం మీద పడితే దాన్ని బాగుచేయడానికి ఒక తరం పట్టేది. కొండల మీద చెట్లు నరికేసి, సత్తువకు మించి గొర్రెలను మేపడం వల్ల అలా అయింది. ప్రభుత్వం 1860లో, మళ్లీ 1882లో చట్టాలు చేసి కొండవాలు భూములు తీసుకుంది. వాగులకి అడ్డంగా అంచెలంచెలుగా రాతి కట్టలు కట్టి, పైన్ మొక్కలు నాటించింది. వాగులు చాలావరకు లొంగాయి. కానీ మేత పోయిందని ఊళ్లవాళ్లు గొడవపడ్డారు. మేత పోయినవాడి కొడుకు ఎక్కడికి వెళ్లాడో పైన చెప్పాను. ఇంతా చేస్తే 1957 జూన్‌లో ఉబాయ్ నదే పొంగి లోయని ముంచింది.

ఇంకో మాట. ఆ ఉబాయ్ ద్యురాన్స్‌లో, ద్యురాన్స్ రోన్‌లో కలుస్తాయి. రోన్ సముద్రంలో కలిసేచోట కమార్గ్ అనే డెల్టా ఉంది. అక్కడ వరి పండిస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో ఇండోచైనా నుంచి తెచ్చిన కూలీలతో సాగు ఊపందుకుంది. మీకు ఆ డెల్టా చూపిస్తే గట్టు ఎక్కి నీరు ఎటు పోతోందో ముందు చూస్తారు.

ప్రశ్న: మా కోనసీమకి రైలు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. ఆ ఊరికైనా ఉందా?
– ఒక విద్యార్థి, అమలాపురం

జవాబు: లేదు. షోర్జ్ అనే ఊరి నుంచి బార్సెలొనెత్‌కి లైను పని 1909లో మొదలుపెట్టారు. సొరంగాలు తవ్వారు, వంతెనలు కట్టారు, యుద్ధాలొచ్చాయి, వదిలేశారు. ఒక్క రైలూ నడవలేదు. కొంత భాగం 1961 నాటికి పూర్తయిన సెర్ పోన్సోన్ జలాశయం కింద మునిగింది. ఉబాయ్ అనే ఊరూ, పాత సవీన్ ఊరూ దాంతోపాటే పోయాయి. పోలవరం ముంపు ఊళ్లవాళ్లకి ఇది కొత్త కథ కాదు. కోటిపల్లి రేవులో నిలబడి గౌతమిలోని రైలు స్తంభాలు చూసినప్పుడల్లా నాకు ఆ సొరంగాలే గుర్తొస్తాయి.

గాప్ అనే పట్నం దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. సరిహద్దు ఊరు కాబట్టి చాలాకాలం సైన్యం జీతాల మీద నడిచింది. 2009లో సైన్యమూ వెళ్లిపోయింది. ఇప్పుడు చలికాలం ప్రా లూ, సోజ్‌లలో స్కీయింగ్, ఎండాకాలం సైకిళ్లవాళ్లూ తెప్పలవాళ్లూ. బుధ, శనివారాల్లో సంత ఉంటుంది. ఆగస్టులో మెక్సికో ఉత్సవాలు. బొనెట్ కనుమ రోడ్డు 2,800 మీటర్లు దాటి ఎక్కుతుంది, మంచు పడితే మూసేస్తారు. వెళ్లదలిస్తే జులై, ఆగస్టుల్లో వెళ్లండి. రూము ముందే బుక్ చేసుకోండి.