అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ స్థానికులకు అన్నీ బహిరంగంగా చెప్పాలా?

సూపరింటెండెంట్ అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే ముఖ్య అధికారి. అన్నీ చెప్పడానికి చట్టమే ఒప్పుకోదు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థుల రికార్డులను, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. సిబ్బంది వ్యవహారాలనూ స్కూల్ బోర్డు, అంటే ఆ స్కూళ్ల పాలకమండలి, చాలాచోట్ల గోప్యంగానే చర్చిస్తుంది.

మిగతావి దాచకూడదు. బోర్డు సమావేశాలు బహిరంగంగా జరగాలని అన్ని రాష్ట్రాల్లోనూ చట్టాలున్నాయి. కానీ అది కనీస బాధ్యత మాత్రమే. ఒక స్కూల్‌ని మూసేయాలనుకుని, తీరా బోర్డు దానిపై ఓటు వేసే రోజు స్లైడ్లు చూపిస్తే తల్లిదండ్రులకు కోపం రాక ఏం వస్తుంది? పిల్లల సంఖ్య ఎంత తగ్గింది, మూస్తే నిజంగా ఎంత ఆదా, పిల్లలు బస్సులో ఎంతసేపు కూర్చోవాలి అన్నవి నెలల ముందే చెప్పాలి. స్పానిష్ మాట్లాడే ఇళ్లకు స్పానిష్‌లోనే చెప్పాలి. తేలని విషయముంటే “ఇంకా తేలలేదు, ఫలానా తేదీకి చెబుతాను” అనాలి, ఆ తేదీకి చెప్పి తీరాలి.